తీసేసిన పేజీ

మా వీధిలో ఎవరికీ జ్వరం రాదు. దగ్గు రాదు. కడుపునొప్పి అసలే రాదు. అప్పులు లేవు, తగాదాలు లేవు, తాగేవాళ్లు లేరు. తొంభైలలో ధర్మవరంలోని మా మగ్గాల వీధి గురించి ఏ ఆఫీసు బీరువాలోనైనా పాత కాగితాలు మిగిలి ఉంటే, వాటిలో మా సంగతి ఇలాగే ఉంటుంది. అవి చదివి ఇంత చల్లని వీధి ఎక్కడుందా అని ఎవరైనా వెతుక్కుంటూ రావచ్చు. వస్తే మాత్రం మావాళ్లు తలుపులు వేసుకుంటారు.

అంత విసుగు మాకు ఊరికే రాలేదు. తిండి గురించీ, జబ్బుల గురించీ చేసే ఒక సర్వేకి మా వీధిలో కొన్ని ఇళ్లను ఎంచుకున్నారు. వాటిలో మాది ఒకటి. అవే ఇళ్లను, అవే ప్రశ్నలు, కొన్నేళ్లపాటు అడుగుతూ పోవాలట. నాలుగైదు నెలలకొకసారి ఒక మేడమ్ వచ్చేది. సన్నగా, పొడుగ్గా ఉండేది. భుజాన గుడ్డసంచి, చేతిలో అట్టకు బిగించిన ఫారం. మనిషి మంచిదే. కానీ ఆ ఫారం మాత్రం ఎంత తిప్పినా అయిపోయేది కాదు.

మొదటిసారి వచ్చినప్పుడు మేము ఆమెకు చేసిన మర్యాద ఇప్పుడు తలచుకుంటే నవ్వొస్తుంది. అమ్మ బొరుగులు నానబెట్టి ఉగ్గాని చేసి, మిరపకాయ బజ్జీలు కూడా వేసింది. నాయన మగ్గం గుంతలోంచి లేచి చొక్కా తొడుక్కుని వచ్చాడు. నాయన చొక్కా తొడుక్కోవడమంటే మాకు పండగకిందే లెక్క. "మనల్ని గూడా అడిగేవాళ్లు ఉండారు చూడే," అని అమ్మతో గొప్పగా చెప్పుకున్నాడు. అక్క టీ తెచ్చి ఇచ్చి, అక్కడే గోడకానుకుని నిలబడి, మేడమ్ అడిగే తీరంతా కళ్లతో తాగేసింది. అలా ఎందుకు చూస్తోందో నాకు ఆ సాయంత్రమే తెలిసింది.

మేడమ్ అటు వెళ్లగానే అక్క అమ్మ చాటను ఫారంలాగా చేతిలో పట్టుకుంది. గడ్డం పైకెత్తి, కొంచెం ముక్కుతో మాట్లాడుతూ నన్ను అడగడం మొదలుపెట్టింది. "సదరు సభ్యురాలు నిన్న ఉదయం ఏమి తిన్నారమ్మా? సదరు సభ్యురాలు చేతులు కడుక్కున్నారా? కడుక్కుంటే సబ్బుతోనా, మట్టితోనా, ఊరికేనా?" అచ్చం మేడమే. నేను నేలమీద పడి దొర్లి దొర్లి నవ్వాను. అమ్మ కోప్పడబోయి తనూ నవ్వింది. నాయన కూడా మగ్గం చప్పుడు ఆపి విన్నాడు, నాకు బాగా గుర్తు. ఆ తర్వాత అది మా ఆట అయిపోయింది. అక్క మేడమ్, నేను సభ్యురాలిని. ఎన్నిసార్లు ఆడామంటే ఆ ఫారం మొత్తం నాకు ఎక్కాలకంటే బాగా వచ్చేసింది.

మర్యాదలు ఎక్కువ కాలం సాగలేదు. మా ఇళ్లలో మాట్లాడటమంటే మగ్గం ఆగడమే. మగ్గం ఆడుతుంటే ఎదురుగా ఉన్నవాళ్ల మాట కూడా వినపడదు. పోగు తెగినప్పుడో, అమ్మ పట్టుదారం కండెలకు చుట్టి అందించేలోపో నాయన నోరు తెరిచేవాడు. మేడమ్ పాపం పోగు ఎప్పుడు తెగుతుందా అని కాచుకుని కూర్చునేది. ఒక్క ఇంట్లో పూట గడిచిపోయేది. ఇది చాలదన్నట్టు మిగతావాళ్లూ వచ్చేవాళ్లు. సబ్బు ఏది వాడతారని ఒకరు, రేడియో వింటారా అని ఇంకొకరు, మగ్గాలు ఎన్ని ఉన్నాయని మరొకరు. ఎవరు ఎందుకొచ్చారో మాకు తెలిసేది కాదు. అందరినీ కలిపి మావాళ్లు "రాసుకునేవాళ్లు" అనేవాళ్లు.

అప్పుడు మా వీధి ఆడవాళ్లు ఒక దారి కనిపెట్టారు. "జ్వరం వచ్చిందా?" అంటే, వచ్చింది అన్నారో చచ్చారన్నమాటే. ఎన్నాళ్లు, ఎవరికి చూపించారు, సూది వేశారా, మాత్రలిచ్చారా, తగ్గిందా, తగ్గకపోతే ఏం చేశారు అని మేడమ్ ఇంకో పేజీ తిప్పేది. రాలేదు అంటే పెన్ను సర్రున కిందికి జారి తర్వాతి ప్రశ్న దగ్గర ఆగేది. ఈ సంగతి ఇంటింటికీ పాకింది. "లేదు" అనేది దగ్గరి దారి. అంతే, మా వీధి మొత్తానికి ఆరోగ్యం వచ్చేసింది. ఎదురింటి పెద్దమ్మ జ్వరంతో మూలుగుతూ, దుప్పటి కప్పుకునే "మాకేం లేదు తల్లీ, బాగుండాం" అని చెప్పింది.

ఒక్కచోట మాత్రం ఈ దారి తిరగబడేది. అన్నిటికంటే ముందు మేడమ్ ఇంట్లోవాళ్ల పేర్లు ఒక్కొక్కటే చదివి, ఉన్నారా అని అడిగేది. అక్కడ "ఉన్నారు" అంటే దగ్గరి దారి. "లేరు" అంటే ఒక పేజీ. ఎప్పుడు వెళ్లారు, ఎందుకు వెళ్లారు, ప్రస్తుతం ఎక్కడ ఉంటున్నారు, తిరిగి ఎప్పుడు రావచ్చు. పోయినవాళ్లయితే ఇంకా పెద్దది. అందుకని మా వీధిలో ఎవరూ ఎక్కడికీ పోలేదు, ఎవరూ చావలేదు. ఎదురింటి పెద్దమ్మ వాళ్ల అత్త పోయాక కూడా కాగితంలో చాలాకాలం బతికింది.

"మీ అత్తగారు ఉన్నారా?"

"ఉండాది."

"నిన్న ఏం తిన్నారు?"

"ఆమెకేం తక్కువమ్మా. అన్నీ తిన్నింది."

మేము గోడ అవతల నుంచి విని నోట్లో గుడ్డలు కుక్కుకున్నాం. ఆ నవ్విన వాళ్లలో అక్క కూడా ఉంది.

నేను ఎనిమిదో తరగతిలో ఉండగా, చెనిక్కాయలు పెరికే రోజుల్లో, అక్క ఇల్లు విడిచి వెళ్లిపోయింది. హిందూపురం నుంచి మా వీధికి పట్టు తెచ్చే అబ్బాయిని చేసుకుంది. మా కులం కాదు. ఇంట్లో సగం కన్నడం, సగం తెలుగు మాట్లాడే మనుషులు వాళ్లు. అంతకుముందే అక్క నాయన ఎదురుగా నిలబడి తనే చెప్పింది. నాయన మగ్గం ఆపలేదు. ఆయనకు కోపమొస్తే అరవడు, మగ్గం చప్పుడు పెరుగుతుంది, అంతే. ఆ రోజు ఆ చప్పుడులో అక్క ఇంకా ఏమేం చెప్పిందో నాకు వినపడలేదు.

ఆమె వెళ్లిన రోజు సాయంత్రం నాయన ఒకే ఒక్క మాట అన్నాడు. "ఆ పేరు ఈ ఇంట్లో ఎత్తగూడదు." ఎవరూ ఎత్తలేదు. అమ్మ అక్క పరుపును చుట్టి అటక మీద పెట్టింది. నేను ఒక్కదాన్నే జడ వేసుకోవడం నేర్చుకున్నాను. కొత్త పడుగు వచ్చినప్పుడు అచ్చు అతకడానికి కూర్చుంటే అక్క చోటు ఖాళీగా ఉండేది. అచ్చు అతకడమంటే అయిపోయిన పడుగు కొసలకు కొత్త పడుగు పోగుల్ని ఒక్కొక్కటే కలిపి మెలి తిప్పడం. వేలకొద్దీ పోగులు. వేళ్లకు కాస్త బూడిద రాసుకుని ఇంటిల్లిపాదీ కూర్చుని చేసే పని. అక్క వేళ్లు మా అందరికంటే చురుకు. ఆమె లేని పని ఎంత చేసినా తెమిలేది కాదు. అయినా ఎవరూ ఆ సంగతి మాట్లాడలేదు.

ఇంట్లో ఒక మనిషి లేకపోవడం కష్టమే. కానీ ఆ మనిషి పేరు కూడా లేకపోవడం ఇంకో రకం కష్టం. నేను స్కూలుకు పోతూ ఆ పేరును నోట్లోనే అనుకునేదాన్ని, మరిచిపోతానేమోనని భయంతో. ఆ పేరు ఇక్కడా రాయను. రాస్తే ఇది మామూలు పేరే కదా అనిపిస్తుంది మీకు. మామూలు పేరే.

కొన్నాళ్లకు మేడమ్ వచ్చింది. ఎప్పటిలాగే గడప దగ్గర పీట మీద కూర్చుని, ఫారం ఒళ్లో పెట్టుకుని, పేర్లు చదవడం మొదలుపెట్టింది. నాయన పేరు చదివితే, "నేనే కదమ్మా, నీ ముందరే ఉండా" అన్నాడు విసుగ్గా. అమ్మ పేరు చదివింది. ఆ తర్వాత అక్క పేరు చదివింది.

మగ్గం ఆగిపోయింది. అమ్మ రాట్నం కూడా ఆగింది. అన్ని రోజుల తర్వాత ఆ పేరు మా ఇంట్లో, మా గోడల మధ్య, ఒక మనిషి గొంతుతో వినపడింది. నాకు ఏడుపొచ్చింది. ఆ మేడమ్ కాళ్లు పట్టుకుని, ఇంకోసారి చదవమని అడగాలనిపించింది.

"ఉండాది," అన్నాడు నాయన. ఎవరి ముఖమూ చూడలేదు. "రాసుకోమ్మా, ఉండాది. బిన్నా కానీ, మగ్గం నిలబడిపోయింది."

మేడమ్ వెళ్లాక నేను వంటింట్లో అమ్మను పట్టుకున్నాను. "నాయన ఏంటికట్ల చెప్పినాడు మా?"

"లేదంటే ఒక పేజీ అడగతారు కదమ్మే. యాడికి పోయింది, ఎందుకు పోయింది అని. మీ నాయన ఏమని చెప్తాడు?" అంది అమ్మ. నిజమే కావచ్చు. వీధిలో అందరూ చేసే పనే ఆయనా చేశాడు. కానీ నాకు అది చాలింది. నాలుగైదు నెలలకొకసారి మా ఇంట్లో అక్క ఉంటుంది.

అప్పటినుంచి నేను మేడమ్ కోసం ఎదురుచూడడం మొదలుపెట్టాను. వీధి మలుపులో ఆ గుడ్డసంచి కనపడితే పరుగెత్తుకెళ్లి మా ఇంటికే ముందు తీసుకొచ్చేదాన్ని. వీధిలో అందరూ తలుపులు మూసుకుంటుంటే నేను ఎదురేగి పిలుచుకురావడం మావాళ్లకు మింగుడుపడలేదు. "ఏమ్మే, ఆమె నీకు చుట్టమా? మా మగ్గాలు నిలబడిపోతే నువ్వొచ్చి నేస్తావా?" అని ఎదురింటి పెద్దమ్మ దెప్పేది. దెప్పితే దెప్పనీ అనుకునేదాన్ని. వాళ్లిళ్లలో వాళ్ల పేర్లన్నీ పొద్దున్నుంచి రాత్రిదాకా పిలుచుకుంటూనే ఉన్నారు కదా.

పేరు తర్వాత తిండి వచ్చేది. ఇంట్లో ఉన్న ఒక్కొక్కరు నిన్న ఏం తిన్నారో చెప్పాలి. ఉంది అని చెప్పాక అక్క తిండీ చెప్పాలి కదా. మొదటిసారి అమ్మ, "అదీ మాతోపాటే" అని తప్పించుకుంది. తర్వాతిసారి కొంచెం ఆలోచించి, "దానికి సంగటి దిగదు మేడమ్. ఉగ్గాని చేసిస్తిని. రెండు బజ్జీలు గూడా తిన్నింది" అంది. ఇంట్లో ఆ రోజుకు బొరుగులే లేవు. నాయన గుంతలో కూర్చుని తెగిన పోగును ముడివేస్తూ అంతా విన్నాడు. మర్నాడు బజారు నుంచి బొరుగుల పొట్లం తెచ్చి వంటింటి గడప దగ్గర పెట్టాడు. ఎందుకని ఎవరూ అడగలేదు. అమ్మ ఉగ్గాని చేసింది, ముగ్గురం తిన్నాం.

మేడమ్‌కు తెలియదా? తెలిసే ఉంటుంది. "పెద్దమ్మాయి ఎప్పుడూ కనపడదే?" అని ఒకటి రెండుసార్లు అంది. "నీళ్లకు పోయిండాది" అంది అమ్మ ఒకసారి. "అంగడికి పోయిండాది" అంది ఇంకోసారి. మేడమ్ తల ఊపి రాసుకుంది. ఆమెకూ ఇంకా బోలెడు ఇళ్లున్నాయి, ఎండలో తిరిగి తిరిగి ముఖం వాడిపోయి ఉండేది. ఆ పేజీ తిప్పకపోతే ఆమెకూ సుఖమే. కానీ అక్క పేరును మాత్రం మిగతా పేర్లకంటే నిదానంగా చదివేది. లేదా నాకు అలా వినపడేదేమో.

అమ్మ పుట్టిల్లు పెనుకొండ. కొండ కింద అవ్వ ఒక్కతే ఉండేది. సెలవులకు అమ్మా నేనూ ధర్మవరంలో ప్యాసింజర్ ఎక్కి పెనుకొండలో దిగేవాళ్లం. ఆ రైలు అక్కడి నుంచి హిందూపురం పోతుంది. ఇంకొంచెంసేపు అదే బల్లమీద అలాగే కూర్చుంటే చాలు, అక్క ఉన్న ఊరు వచ్చేస్తుంది. మేము మాత్రం సంచులు తీసుకుని దిగేవాళ్లం. దిగి అమ్మ వెంటనే కదిలేది కాదు. గార్డు పచ్చజెండా ఊపేదాకా, ఆఖరి పెట్టె మలుపు తిరిగేదాకా ప్లాట్‌ఫారం మీద నిలబడేది. పమిట కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది. నేను సంచి పట్టుకుని పక్కన నిలబడేదాన్ని. ఆటోవాళ్లు "రామ్మా, రామ్మా" అని పిలిచి పిలిచి వెళ్లిపోయేవాళ్లు.

"పోయొద్దాం పా మా, ఒక్కసారి," అని ఒకసారి అడిగాను.

"చెప్పకుండా నేను పోలేను. చెప్తే మీ నాయన పోనీడు," అంది. అంతే.

అవ్వ ఇంటి పక్కాయన హిందూపురం మార్కెట్‌కు చింతపండు వేసుకుని పోయేవాడు. అక్క కబుర్లు ఆయన దగ్గర నుంచి వచ్చేవి. బాగుందట. కొంచెం చిక్కిందట. మార్కెట్లో కన్నడంలో బేరం చేస్తోందట. ఈ మాటకు అవ్వ నవ్వి, "నోరుండే పిల్ల, యాడైనా బతుకుతాది" అంది. ఒక ఎండాకాలం ఆయన వచ్చి, మగపిల్లోడు పుట్టాడని చెప్పాడు. అమ్మ ఆ రోజు కొండ వైపు తిరిగి దండం పెట్టుకుంది. ధర్మవరం వచ్చాక నాయనకు చెప్పలేదు. ఎలా చెబుతుంది, పేరెత్తకుండా?

ఆ తర్వాత వచ్చినప్పుడు మేడమ్ ఎప్పటి ప్రశ్నే అడిగింది. "ఈ మధ్య ఈ కుటుంబంలో ఎవరైనా పుట్టారా?"

ఎప్పుడూ ఆ ప్రశ్న పూర్తయ్యేలోపే "లేదు" అనే అమ్మ, ఆ రోజు నోరు తెరిచి ఊరుకుంది. చేతిలో కండె అలాగే ఉంది. నేను అమ్మ ముఖం చూస్తూ, చెప్పు మా, చెప్పు మా అనుకుంటున్నాను. మేడమ్ తలెత్తి చూసింది. "లేదు," అంది అమ్మ చివరికి. పెన్ను కిందికి జారింది. ఆమె అటు వెళ్లాక అమ్మ పెరట్లో నీళ్ల తొట్టి పక్కన కూర్చుని ఏడ్చింది. ఒక మనవడిని దగ్గరి దారిలో తుడిచేసినందుకు ఏడ్చింది. నాకు అప్పుడు నాయన మీద వచ్చినంత కోపం మళ్లీ ఎప్పుడూ రాలేదు.

ఏళ్లు గడిచేకొద్దీ వీధిలో విసుగు ముదిరింది. కొందరు ముందు తలుపుకు తాళం వేసి పెరటి గుమ్మంలోంచి వచ్చి నేసుకునేవాళ్లు. కొందరు మొహం మీదే చెప్పేశారు, "మా పేర్లు తీసేయండి తల్లీ, మీకు దండం పెడతాం" అని. నాయన కూడా ప్రతిసారీ, "ఇదే ఆఖరు. ఇంకోతూరి వస్తే నేను చెప్పను" అనేవాడు. మళ్లీ మేడమ్ గడపలో నిలబడి బెరుకుగా, "మీరు కూడా వద్దంటారా?" అని అడిగితే, "రా, రా. వచ్చినావు కదా, అడిగి పో" అనేవాడు. ఆయన మెత్తని మనిషి కాబట్టి రానిస్తున్నాడని అనుకునేదాన్ని.

నేను డిగ్రీలో చేరాక మేడమ్ రావడం మానేసింది. పెళ్లయి వెళ్లిందో, వేరే పని దొరికిందో తెలియదు. చాలా నెలలు ఎవరూ రాలేదు. వీధి ఊపిరి పీల్చుకుంది. నేను మాత్రం కాలేజీ నుంచి వస్తూ మలుపులో ఆగి చూసేదాన్ని. పేరు వినక ఎన్నాళ్లయిందో నాకు తెలుసు. నాయనకూ తెలుసని నేను అనుకోలేదు.

ఒక ఉదయం ముగ్గురం అచ్చు అతుకుతున్నాం. మగ్గం ఆగి ఉంది కాబట్టి ఇల్లంతా నిశ్శబ్దంగా ఉంది. గడపలో కొత్త కుర్రాడొకడు నిలబడ్డాడు. ఇన్‌షర్టు, మెడలో గుర్తింపు కార్డు. అదే సర్వే అని చెప్పాడు. నాయన తలెత్తలేదు. "కూకోప్పా. చేతులు తీరికలేవు, నోరు తీరిగ్గానే ఉండాది. అడుగు," అన్నాడు.

"ఎక్కువసేపు పట్టదండీ," అన్నాడు కుర్రాడు నవ్వుతూ. "మీరంతా విసిగిపోతున్నారని ఫారం చిన్నది చేసేశారు. రెండు నిమిషాలు. ఇంట్లో ఎంతమంది ఉంటారు?"

నాయన చేతిలోని పోగు అలాగే నిలిచిపోయింది. "పేర్లు సదవవా?"

"అక్కర్లేదండీ. ఎంతమందో చెబితే చాలు."

"ఎప్పుడూ సదివేవాళ్లు కదప్పా."

"పాత కాగితాలు నా దగ్గర లేవండీ."

నాయన పోగును వదిలేశాడు. తర్వాత, బడిలో పిల్లవాడు హాజరు చెప్పినట్టు, తన పేరు చెప్పాడు. అమ్మ పేరు చెప్పాడు. అంతవరకూ అమ్మ పేరు నాయన నోట మేము విననేలేదు. ఆ తర్వాత అక్క పేరు చెప్పాడు. చివరికి నా పేరు.

అమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. వేళ్ల బూడిద పెదవుల మీద అంటుకుంది.

"అయితే నలుగురండీ," అన్నాడు కుర్రాడు రాసుకుంటూ.

"పెద్దది లేదప్పా," అన్నాడు నాయన. "పోయింది. ఎప్పుడో పోయింది. రాసుకో."

"ఓహో. అయితే ముగ్గురు."

"ఎప్పుడు పోయింది, ఎందుకు పోయింది, అడగవా? ఒక పేజీ ఉండేది దానికి."

"ఆ పేజీ తీసేశారండీ," అన్నాడు కుర్రాడు, మాకు మేలు చేసినంత సంతోషంగా. ఇంకో నాలుగు ప్రశ్నలు అడిగాడు. నాయన అన్నిటికీ "లేదు" అన్నాడు. కుర్రాడు దండం పెట్టి, చెప్పులు వేసుకుని, పక్కింటి తలుపు తట్టడానికి వెళ్లిపోయాడు.

మేము ముగ్గురం పడుగు ముందు అలాగే కూర్చున్నాం. ఇన్నేళ్లూ ఆ పేజీకి జడిసి దాక్కున్న మనిషి, దాన్ని అడగమని తనే నోరు తెరిస్తే, అడిగేవాళ్లు లేకుండా పోయారు. నాయన వేళ్లకు మళ్లీ బూడిద రాసుకున్నాడు. పోగు దొరకడం లేదు ఆయనకు. కళ్లు మసకబారాయని నాకు తెలిసింది.

నేను గడ్డం పైకెత్తాను. కొంచెం ముక్కుతో, అక్క అడిగినట్టే అడిగాను.

"సదరు సభ్యురాలు ఇల్లు విడిచి ఎప్పుడు వెళ్లారు?"

చెంప మీద పడుతుందనే అనుకున్నాను. నాయన నా వైపు చూశాడు. ఆ గొంతు ఎవరిదో ఆయనకు తెలుసు.

"నువ్వు ఎనిమిదిలో ఉన్నెప్పుడు," అన్నాడు. "చెనిక్కాయలు పెరికే కాలం."

"ఎందుకు వెళ్లారు?"

"చెప్పింది. నేను వినలేదు. అందుకు."

"ప్రస్తుతం ఎక్కడ ఉంటున్నారు?"

"హిందూపురంలో. స్టేషన్ ఎనక సందులో. కొళాయి ఉండాది, దాని పక్కన నీలం తలుపు."

అమ్మ చటుక్కున తలెత్తింది. "నీకెట్ల తెల్సు?"

నాయన పోగు వైపే చూస్తున్నాడు. "పట్టు కోసరమని పోయినప్పుడు, ఆ పక్కకు పోయినా. కొళాయి కాడ నీళ్లు పడతా ఉన్నింది. సంకలో పిల్లోడు ఉండాడు."

"పలకరియ్యలేదా?"

"ఏమని పలకరిచ్చల్ల? చూసి వచ్చేసినా. మళ్లా ఒకతూరి పోయినా. అప్పుడు తలుపు వేసుండింది."

అమ్మ అంత గట్టిగా అరవడం నేను ఎప్పుడూ వినలేదు. "నువ్వు పోయి చూసొచ్చినావా? నేను పెనుకొండలో దిగి, ఆ రైలు ఎనక చూస్కుంటా నిలబడితినే ఇన్నేండ్లు! బిడ్డ పుట్టినాడని గూడా నీకు చెప్పలేక చస్తినే! నువ్వు పోయి చూసొచ్చి, గమ్మున కూకోనుంటివా?" చేతిలోని పోగులన్నీ వదిలేసింది. ఏడుస్తోంది, తిడుతోంది, మధ్యలో "పిల్లోడు ఎట్లున్నాడు? ఎవురి పోలిక?" అని అడుగుతోంది.

"దాని పోలికే," అన్నాడు నాయన.

ఫారంలో ఇంకొక్క ప్రశ్న మిగిలింది. నాకు అక్క గొంతు రావడం లేదు. నా గొంతుతోనే అడిగాను.

"తిరిగి ఎప్పుడు రావచ్చు?"

నాయన పోగు కోసం వెతుకుతూనే అన్నాడు. "తెలీదని రాసుకో." మళ్లీ తనే అన్నాడు. "మీరిద్దరూ పోయి, అడిగి రాండి. నేను అచ్చు అతుకుతా ఉంటా."

మర్నాడు పొద్దున్నే అమ్మ ఉగ్గాని చేసి, స్టీలు డబ్బాలో సర్ది, పైన బజ్జీలు పెట్టింది. ప్యాసింజర్‌లో కిటికీ పక్కన కూర్చున్నాం. అమ్మ డబ్బాను ఒళ్లోంచి దించలేదు.

పెనుకొండ వచ్చింది. కొండ కనపడగానే అమ్మ అలవాటు కొద్దీ సంచి తీసుకుని లేచి నిలబడింది. జనం దిగుతున్నారు. ఆటోవాళ్లు పిలుస్తున్నారు. తను ఎప్పుడూ నిలబడే చోటును అమ్మ కిటికీలోంచి చూసింది. మెల్లగా మళ్లీ కూర్చుంది. గార్డు పచ్చజెండా ఊపాడు, రైలు మాతోనే కదిలింది.